ముగ్గురు కలిసి ఒక సిద్ధాంతం రుజువు చేయాలంటే

చి॥ సౌజన్యకు ఆశీస్సులు.

హైదరాబాదులో నువ్వు, పుణెలో ఒకరు, ఫ్రాన్సులో లియోన్‌లో ఒకరు కలిసి ఒకే సమస్య పట్టుకున్నామని రాశావు. చాలా సంతోషమమ్మా. ముగ్గురు మంచి సంఖ్య. నలుగురు దాటితే ఎవరో ఒకరు వినేవాళ్లుగానే మిగిలిపోతారు.

గణితం మొదలుపెట్టకముందే పేపరు మీద పేర్లు ఏ వరసలో వేయాలో తేల్చుకోండి. మన రంగంలో ఆనవాయితీ ఇంటిపేర్ల అక్షరక్రమం. ఎవరి వంతు ఎంత అని లెక్క కట్టరు. ఇంగ్లండు గణితవేత్తలు హార్డీ, లిటిల్‌వుడ్ 1911 నుంచి ముప్పయ్యేళ్లకు పైగా కలిసి పనిచేశారు. వాళ్లు పెట్టుకున్న నాలుగు నియమాలను డెన్మార్క్ గణితవేత్త హరాల్డ్ బోర్ బయటపెట్టాడు. ఒకరు రెండోవారికి రాసింది తప్పయినా ఒప్పయినా పట్టింపు లేదు. వచ్చిన ఉత్తరానికి జవాబివ్వక్కర్లేదు, అసలు చదవక్కర్లేదు. ఇద్దరూ ఒకే వివరం మీద తల పెట్టకపోతే మేలు, పెట్టినా ఫరవాలేదు. పేపరులో ఒకరు చేసింది ఏమీ లేకపోయినా ఇద్దరి పేర్లూ ఉంటాయి. మొదటిదీ నాలుగోదీ మీరు తు.చ. తప్పకుండా పాటించండి. రెండోది మాత్రం వద్దు. కొత్తగా కలిసినవాళ్ల మధ్య జవాబు రాకపోతే ‘నా మాట నచ్చలేదేమో’ అన్న అనుమానం మొదలవుతుంది, ఆ తర్వాత ఎవరూ పచ్చి ఆలోచన పంపరు. ‘ఈ వారం కుదరదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలని ముందే అనుకోండి.

పచ్చి ఆలోచన పంపడమే అసలు పని. 2009లో గణితవేత్త టిమొతీ గోవర్స్ పాలీమాథ్ (ఇంటర్నెట్‌లో ఎవరైనా చేరి ఒకే సమస్య మీద కలిసి పనిచేసే ప్రాజెక్టు) మొదలుపెట్టినప్పుడు కోరింది అదే: ఒక్కరే విడిగా కూర్చుని చాలా దూరం పోవద్దు, తోచింది తోచినట్టు చిన్న చిన్న ముక్కలుగా అందరి ముందూ పెట్టండి అని. వాళ్లు పట్టుకున్న సమస్యకు, అంటే హేల్స్–జ్యూయెట్ సాంద్రతా సిద్ధాంతానికి, కొత్త రుజువు దారి రెండు నెలలు తిరక్కముందే దొరికింది. నువ్వు పది రోజులు దాచుకుని మెరుగుపెట్టిన పేజీ కన్నా, ‘ఇది కుదరదనుకుంటా, ఎందుకంటే’ అని అప్పటికప్పుడు పంపిన నాలుగు వాక్యాలే మిగతా ఇద్దరికి ఎక్కువ పనికొస్తాయి. కుదరని దారుల కోసం ఒక ఫైలు విడిగా పెట్టండి. ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగింది, ఏ ఉదాహరణ దాన్ని పడగొట్టింది అన్నవి ఐదారు పంక్తుల్లో రాస్తే సరి. ఆ ఫైలు లేకపోతే ఆరు నెలల తర్వాత మళ్లీ అదే గోడకు తల కొట్టుకుంటారు.

ఇక పని పంచుకోవడం. ‘మొదటి సగం నీది, రెండో సగం నాది’ అని కోయకూడదు. రుజువులో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి ఒకే ఒక్క వాక్యమో, ఒకే ఒక్క సంఖ్యో దాటే చోటు వెతికి అక్కడ కోయాలి. పాలీమాథ్ ఎనిమిదో ప్రాజెక్టు ఇందుకు మంచి నమూనా. 2013లో యితాంగ్ ఝాంగ్ 7 కోట్లకు మించని తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని రుజువు చేశాడు. ఆ రుజువు మూడు అంచెలది. అంకశ్రేఢుల్లో ప్రధాన సంఖ్యలు ఎంత సమంగా పరుచుకున్నాయన్న అంచనా ఒక సంఖ్యనిస్తుంది. జల్లెడ (అక్కర్లేని సంఖ్యలను వడగట్టి ప్రధాన సంఖ్యలను పట్టే పద్ధతి) ఆ సంఖ్యను తీసుకుని, ఎన్ని పూర్ణాంకాల గుంపు కావాలో చెబుతుంది. ఆ గుంపును ఎంత ఇరుకులో ఇమడ్చగలమన్నది మూడో అంచె. పాలీమాథ్ వాళ్ల చేతిలో గుంపు 35 లక్షల నుంచి 632కి దిగింది, తేడా 4,680కి వచ్చింది. తర్వాత జేమ్స్ మేనార్డ్ కొత్త జల్లెడ తోడై, 50 పూర్ణాంకాల గుంపుతో తేడా 246కి చేరింది. కంప్యూటరు బాగా నడపగలవాళ్లు మూడో అంచె మీద, విశ్లేషణ తెలిసినవాళ్లు మొదటిదాని మీద ఎవరికి వారు పనిచేయగలిగారంటే కోత సరైన చోట పడబట్టే.

తప్పులు దొర్లేది కూడా ఆ అతుకుల దగ్గరే. ఒక ఉదాహరణ గుర్తుంచుకో. ఎన్ అనే సంఖ్యకు ఉండే కారణాంకాల సంఖ్య, ‘సి’ అనే స్థిరాంకాన్ని ఎన్ టు ది పవర్ ఎప్సిలాన్‌తో గుణించినదానికి మించదు; ఎప్సిలాన్ అంటే మనం ఎంచుకునే ఏదైనా చిన్న ధన సంఖ్య. ఒకరు ఈ లెమ్మా (పెద్ద రుజువులో వాడుకునే చిన్న సిద్ధాంతం) రాసి ఇస్తారు. ఇంకొకరు దాన్ని తీసుకుని, ఎప్సిలాన్ బదులు ఒకటి బై లాగ్ ఎన్ పెడతారు. ఎన్ టు ది పవర్ ఎప్సిలాన్ కాస్తా ‘ఈ’ అయిపోతుంది, అంటే దాదాపు 2.718. ఇంకేం, ఏ సంఖ్యకైనా కారణాంకాలు ఒక పరిమితి దాటవని తేలిపోయింది! రెండుకు కె-వ ఘాతానికి కె ప్లస్ ఒకటి కారణాంకాలు ఉంటాయి కాబట్టి అది శుద్ధ తప్పు. ‘సి’ ఎప్సిలాన్ మీద ఆధారపడుతుందని లెమ్మాలో రాయకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. రాసినవారికి అది తెలుసు, వాడినవారికి తెలియదు. అందుకని అతుకు దగ్గరుండే ప్రతి వాక్యంలోనూ ఏ స్థిరాంకం దేని మీద ఆధారపడుతుందో, సున్నా సహజ సంఖ్యల్లో ఉందో లేదో, లాగ్ ఏ ఆధారానికో రాసి తీరాలి.

ప్రతి లెమ్మానూ రాయనివారే సరిచూడాలి. చదివి తల ఊపడం సరిచూడటం కాదు. కాగితం మూసేసి సొంతంగా మళ్లీ రుజువు చేయాలి, చిన్న సంఖ్యలు వేసి చూడాలి, ఆపైన లెమ్మా పక్కన పేరూ తేదీ వేయాలి. ముగ్గురూ ‘ఇంకొకరు చూసుంటారులే’ అనుకున్న లెమ్మాలోనే రంధ్రం ఉంటుంది.

మాట్లాడుకోవడం వారానికి ఒక గంట చాలు. లియోన్ గడియారం వేసవిలో మనకన్నా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్టోబరు చివరి ఆదివారం, మార్చి చివరి ఆదివారం మారుతుంది, ఆ వారాల్లో జాగ్రత్త. ఏం తేలిందో, ఎవరు ఏం చూడాలో అదే రోజు ఎవరో ఒకరు రాసి పంపాలి.

పేపరు టైపు చేసే లేటెక్ ఫైలు మొదటి రోజే ఒకరి చేతిలో పెట్టండి. గుర్తులన్నిటికీ మాక్రోలు (మనం పెట్టుకునే పొట్టి ఆదేశాలు) ఒకే చోట ఉండాలి, అప్పుడు గుర్తు మార్చాలన్నా ఒక్క చోట మారిస్తే సరిపోతుంది. ఫైల్లో ఎప్పుడేం మారిందో దాచిపెట్టే గిట్ వాడేట్టయితే ఒక్కో వాక్యం ఒక్కో పంక్తిలో రాయండి. పేరా మొత్తం ఒకే పంక్తి అయితే ఒక్క కామా మార్చినా పేరా అంతా మారినట్టు చూపిస్తుంది, ఏం మారిందో కళ్లు చించుకున్నా కనబడదు.

పేపర్లు అందరూ చదివేలా పెట్టే ఆర్కైవ్ వెబ్‌సైటులో పెట్టేముందు ముగ్గురి దగ్గరా రాతపూర్వకంగా ‘సరే’ తీసుకోండి. తర్వాత సవరించిన ప్రతి పెట్టవచ్చు గానీ మొదటి ప్రతి ఎప్పటికీ అక్కడే ఉంటుంది. నీ పేరు ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఇప్పుడే నిర్ణయించుకో, అన్ని పేపర్లలోనూ అలాగే రాయి.

ఒక్క చిక్కుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ముగ్గురు, అంతకు మించి రాసిన పేపరుకు మొదటి పేరు గానీ, పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత (కరెస్పాండింగ్ ఆథర్) గానీ ఉన్నవారికి 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం పాయింట్లు. అక్షరక్రమంలో వెనకపడే ఇంటిపేరున్నవాళ్లకు ఇది నష్టం. మన యూనివర్సిటీల్లో ఉద్యోగానికి వెళ్లాలనుకుంటున్నావు కాబట్టి ఆ బాధ్యత నీ పేరు మీద పెట్టమని మొదటి వారంలోనే అడుగు. లియోన్‌లో ఉన్నాయనకు ఈ పాయింట్ల గొడవ తెలియదు, చెబితే కాదనడు.

ఆశీస్సులతో
నీ మాస్టారు