సగం మిగిలిన బాత్‌రూమ్ యాసిడ్ సీసా ఎక్కడ పెట్టాలి?

బాత్‌రూమ్ కడగ్గా సగం సీసా యాసిడ్ మిగిలింది, ఇంట్లో ఎక్కడ పెడితే క్షేమం అని అడిగారు. అసలు ఇంట్లోనే పెట్టకండి. ఎందుకంటారా, మా పిన్ని సంగతి వినండి.

నేను ఒక జూనియర్ కాలేజీలో పదహారేళ్లు కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకున్నాను. సల్ఫ్యూరిక్, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లు మూడూ రోజూ చేతుల్లో ఉండేవే. అక్కడ ఒక్కసారి కూడా పెద్ద ప్రమాదం జరగలేదు. జరిగింది మా ఇంట్లో, సంక్రాంతికి ఇల్లు కడుక్కునే రోజున.

మైకులో "యాసిడ్, ఫినాయిల్" అంటూ ఆటోలో వచ్చే అతని దగ్గర పిన్ని లీటరు కొన్నది. పాత కూల్‌డ్రింక్ సీసా, లేబుల్ లేదు, మూత మీద కవరు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఇచ్చాడు. మాది బోరు నీళ్లు, బాత్‌రూమ్ గోడల నిండా తెల్లటి చారలు. యాసిడ్ పోసింది. అవి సరిగ్గా పోలేదని, సంపు కడగ్గా మిగిలిన బ్లీచింగ్ పౌడర్ కూడా దాని మీదే చల్లింది. ఘాటు హాల్లోకి రాకూడదని తలుపు వేసుకుని, కింద కూర్చుని రుద్దడం మొదలుపెట్టింది.

నాకు ముందు దగ్గు వినిపించింది. తలుపు నెట్టగానే ముక్కులు మండిపోయాయి. నేల దగ్గర పసుపుపచ్చ పొగ. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్. అది గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకే కిందే పేరుకుంటుంది. పిన్ని ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది. ఊపిరి బిగబట్టి, చంకల కింద చేతులు వేసి ఆమెను వరండాలోకి లాక్కొచ్చాను. కళ్ల వెంట ధారగా నీళ్లు, నోట మాట లేదు. పక్కింటావిడ మజ్జిగ తెచ్చి పట్టించబోయింది, నేను ఆపాను. ఊపిరాడని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చని. డాక్టర్ మొదట అడిగింది, "ఏ యాసిడ్?" అని. వాసన తెలిసినవాణ్ని కాబట్టి హైడ్రోక్లోరిక్ అని చెప్పగలిగాను. మిగతా ఇళ్లలో ఎవరు చెప్తారు? కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్‌లో రాయాలి, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు అని సుప్రీంకోర్టు 2013 జులైలోనే చెప్పింది. మా వీధిలో పదేళ్ల పిల్లాడు వెళ్లినా సీసా చేతికిస్తున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇంకో మాట. తాండూరు, బేతంచర్ల బండలు సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుసా పొంగితే మురికి పోతోందని సంబరపడతాం. కరిగిపోయేది బండే. బోరు నీళ్ల చారలు టైల్స్ మీద ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో కలిపి, కాసేపు నాననిచ్చి రుద్దితే చాలు. బండల మీద మాత్రం అదీ వద్దు.

ల్యాబ్‌లో మేం క్షేమంగా ఉన్నామంటే పద్ధతి వల్లే. ప్రతి సీసాకీ పేరుండేది. ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్, సన్నటి ధారగా, కలుపుతూ. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్లకు 1.84 రెట్లు బరువు, దాని మీద నీళ్లు పోస్తే పైనే తేలి, ఆ వేడికి మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంత తెలిసీ చాలా కాలేజీల్లో కళ్లద్దాలు ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప బీరువాలోంచి బయటికి రావు. పిల్లల కళ్ల కన్నా బీరువా తాళం ఎక్కువైంది.

ఒంటి మీద పడితే ఆ బట్టలు తీసేసి, కనీసం ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద ఉంచండి. పేస్టు, పసుపు, సోడా ఏవీ రాయొద్దు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కడుగుతూనే ఉండాలి. మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక మీ సీసా. చేతులకు రబ్బరు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఆరుబయటికి రండి. బ్లీచింగ్ దరిదాపుల్లో ఉండకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో సగానికి పైగా నీళ్లు పట్టి, యాసిడ్‌ను అందులోకి మెల్లగా వంచండి. తర్వాత వంటసోడా కొంచెం కొంచెంగా, పొంగు పూర్తిగా ఆగేదాకా వేయండి, అర కిలో దగ్గర పెట్టుకోండి. అప్పుడు బోలెడు నీళ్లతో కాలువలోకి వదలండి. ఖాళీ సీసాను బాగా కడిగి, కోసి పారేయండి. అలాంటి సీసాలో మంచినీళ్లు పట్టి ఫ్రిజ్‌లో పెట్టినవాళ్లను చూశాను.