తప్పుగా వినిపించిన పాట గురించి మేనల్లుడికి

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సినిమా పాటల్లో తప్పుగా వినిపించే మాటలను అక్షరాలుగా వేసి చిన్న వీడియోలు చేస్తున్నావనీ, మొదటిరోజు నవ్వినవాళ్లు మర్నాటికే వాటిని మరిచిపోతున్నారనీ ఒంగోలు నుంచి రాశావు. ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి, అవధాన సభల్లో ప్రశ్నలడిగే పృచ్ఛకుడిగా కూర్చుని, ఇప్పుడు నా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క పొరపాటు మాట ఎనిమిదేళ్లుగా తిరుగుతూ ఉండటం చూస్తున్నవాణ్ణి కనుక, నాకు అర్థమైనంత వరకు వివరంగా రాస్తున్నాను.

ఆ మాట నువ్వూ విన్నదే. మా పాఠశాల వార్షికోత్సవంలో ఒక అమ్మాయి పాడిన పాటలో "నీ కోసమే వేచానులే" అన్న పంక్తి, మైదానం చివర కూర్చున్నవారికి "నీ దోసెలే వేశానులే" అని వినిపించింది. రెండింటికీ గురులఘువులు గుర్తించి చూడు; పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు. గురువు, గురువు, లఘువు, గురువు అన్న వరుసే రెండింటిలోనూ రెండేసి సార్లు వస్తుంది. మారినవి దాదాపు అన్నీ హల్లులే. పాడేవారు రాగం తీసేది అచ్చుల మీద కనుక అవి దూరానికి కూడా నిలిచి వినిపిస్తాయి. హల్లులు క్షణంలో పుట్టి, వాద్యాల హోరులోనూ మైకుసెట్టు గరగరలోనూ కలిసిపోతాయి. పైగా తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగిసి తరువాతి మాటలోకి జారిపోతాయి కాబట్టి, ఒక మాట ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలైందో వినేవాడు ఊహించుకోవలసిందే. ఊహించేటప్పుడు తనకు బాగా పరిచయమైన మాటనే పట్టుకుంటాడు. కారం దోసెలు తిని పెరిగిన నెల్లూరు జిల్లా పిల్లలకు దోసె వినిపించడంలో వింత లేదు.

కాబట్టి నువ్వు మాటలు రాసే ముందు గురులఘువులు సరిచూసుకో. నువ్వు పంపిన వీడియోల్లో రెండింటిలో పాట దీర్ఘం తీసినచోట నువ్వు హ్రస్వం వేశావు. చదివినవారికి నవ్వు రావచ్చు గాని, చెవి ఒప్పుకోదు. అవధానంలో దత్తపది, అంటే ఫలానా మాటలు వచ్చేలా పద్యం చెప్పమని ఇచ్చినప్పుడు, అన్యభాషా పదాలను కూడా తెలుగు పద్యంలో అతుకు కనిపించకుండా ఇమిడ్చితేనే సభ మెచ్చుకుంటుంది. నీ పని కూడా అంత నిష్ఠగా చేయదగినదే.

అక్షరాలు ధ్వనికంటే రెప్పపాటు ముందే తెరమీదికి రావాలి. కంటితో చదివిన మాటనే చెవి వెతుక్కుంటుంది. ఒకసారి దొరికిన తరువాత అసలు పంక్తి ఎంత ప్రయత్నించినా వినిపించదు. 2007లో ఒక అమెరికన్, ప్రభుదేవా నర్తించిన ఒక తమిళ పాటకు తనకు వినిపించిన ఇంగ్లీషు మాటలు వేసి పెట్టిన వీడియో లోకమంతా తిరగడానికి ఈ గుణమే ముఖ్య కారణమని నేననుకుంటాను. ముందుగా ఇద్దరికి అక్షరాలు లేకుండా వినిపించి, తరువాత అక్షరాలతో చూపించు. అప్పటికీ వారికి వినిపించకపోతే, నీకెంత ఇష్టమైనా దాన్ని వదిలెయ్యి.

ఇంతవరకు చెప్పినది ఒకరోజు నవ్వుకు చాలుతుంది. మళ్లీమళ్లీ రావాలంటే, ఆ తప్పు మాటకు జీవితంలో పదేపదే ఎదురయ్యే సందర్భం ఒకటి ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాడితో "నీ కోసమే వేచానులే" అనవచ్చు, "నీ దోసెలే వేశానులే" అని కూడా అనవచ్చు. అందువల్లనే మా గ్రూపులో ఎవరైనా పెళ్లికి ఆలస్యమైతే ఆ పంక్తి వస్తుంది. ఒకడికి కావలి స్టేషనులో రైలు తప్పిపోయినప్పుడు "దోసెలు చల్లారిపోయాయి" అని మరొకడు రాశాడు. అప్పటికి పాట ఊసే లేదు, అయినా అందరికీ అర్థమైంది. కొత్తగా చేరినవాడు అర్థం అడిగితే పాతవాళ్లు పోటీపడి ఆ కథ చెబుతారు. నీ వీడియో కింద ఎవరైనా నీ మాటను మార్చి వాడుకుంటే సరిదిద్దవద్దు, అది నాది అని చెప్పుకోవద్దు.

అమెరికన్ రచయిత్రి సిల్వియా రైట్ చిన్నప్పుడు తల్లి చదివి వినిపించిన ఒక స్కాట్లండు గాథలో "లెయిడ్ హిమ్ ఆన్ ద గ్రీన్", అంటే వీరుణ్ణి పచ్చికమీద పడుకోబెట్టారన్న పంక్తిని, "లేడీ మాండెగ్రీన్" అన్న స్త్రీ పేరుగా విన్నది. 1954లో ఆ సంగతి వ్యాసంగా రాసి, ఇలాంటి పొరపాట్లకు మాండెగ్రీన్ అనే పేరే పెట్టి, అవి మూలంకన్నా బాగుంటాయని వాదించింది. ఆమె చెప్పుకున్నది తన చెవి చేసిన పొరపాటునే గాని, చదివి వినిపించినవారి తప్పును కాదు. నాకు బాగా నచ్చినది అదే.

ఎందుకంటే నేను ఆ జాగ్రత్త పాటించలేదు. గ్రూపు మొదలైన కొత్తలో ఆనాటి పాట రికార్డును నేనే అందులో పెట్టాను. ఆ అమ్మాయి ఉచ్చారణ స్పష్టంగానే ఉంది, లోపం మైకుసెట్టుది. అయినా నవ్వు ఆమె మీదికి మళ్లింది. ఆమె కొన్ని నెలలు గ్రూపులో మాట్లాడలేదు. ఆమెకు ఫోను చేసి క్షమాపణ చెప్పి, రికార్డు తీసేశాను. మాట మాత్రం నిలిచింది. ఇప్పుడు ఆమె కూడా దాన్ని వాడుతుంది. గొంతు లేకపోయినా బతకగలిగిన మాటను ఎంచుకో. పాడినవారి యాసనూ ఉచ్చారణనూ ఎత్తిచూపే వీడియో ఏదైనా ఉంటే ఈరోజే తీసెయ్యి.

నువ్వు కొత్తగా చేస్తున్న వీడియోను అక్షరాలు వేయకుండా ముందు నాకు పంపు. మీ అత్తయ్యా నేనూ విడివిడిగా విని, ఎవరికి ఏమి వినిపించిందో రాసి పంపుతాము.

ఇట్లు,
మీ మామయ్య