శరణార్థులకు శిబిరం తప్ప వేరే దారి లేదా?

ఉంది. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి కొండలెక్కితే కళ్లారా చూడవచ్చు.

ఐక్యరాజ్యసమితి చెప్పే శాశ్వత మార్గాలు మూడు: స్వదేశానికి తిరిగి వెళ్లడం, ఆశ్రయం దొరికిన చోటే స్థిరపడటం, మూడో దేశానికి చేరడం. మొదటిది, మూడోది కొద్దిమందికే దక్కుతాయి. మిగిలింది రెండోదే.

గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లకు సాగుభూమి ఇచ్చి, ఊళ్లుగా కలిపి ఉంచారు. నేటికీ అక్కడ మొక్కజొన్న పండిస్తారు. చలికాలం రాగానే మన పట్టణాల్లో స్వెటర్ల దుకాణాలు తెరిచేది కూడా టిబెటన్లే. బేరమాడితే కొందరు తెలుగులోనే బదులిస్తారు!

అయితే భూమి ఒక్కటే చాలదు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థులను మన ఒడిశాలోని మల్కనగిరి వైపు తెచ్చారు. వరి, చేపలు తెలిసిన మనుషుల చేతికి నీటి వసతి లేని మెట్ట వచ్చింది. 1978లో వేలమంది దాన్ని వదిలి పశ్చిమ బెంగాల్‌లోని సుందర్‌బన్స్ దారి పట్టారు. పొట్టేరు కాలువ నీళ్లు ఉండిపోయినవాళ్లకు తర్వాతెప్పుడో అందాయి. ఇంతకీ, అడవిని నమ్ముకున్న ఆదివాసులను అప్పుడు ఎవరైనా అడిగారా?

ఉగాండా పద్ధతి నాకు నచ్చేది అందుకే. శరణార్థికి సాగుకు కొంత నేల, పనిచేసే హక్కు, తిరిగే స్వేచ్ఛ ఇస్తారు. సాయంలో కొంత వాటా చుట్టుపక్కల ఊళ్లకూ పంచుతారు.