మందిరంలో సాక్ష్యం, ఇంట్లో చెంపదెబ్బ

ప్రశ్న: నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. మా ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆయనే నడిపిస్తారు. కన్నీళ్లతో ప్రార్థిస్తారని అందరికీ గౌరవం. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు తగ్గితే కంచం విసురుతారు. ఈ ఏడాది మూడుసార్లు కొట్టారు. నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. నా జీతంలోంచి దశమభాగం, అంటే పదో వంతు, సంఘానికి ఠంచనుగా వెళ్తుంది. మా అమ్మ షుగర్ మందులకు అడిగితే ‘దేవుడి సొమ్ము’ అంటారు. మొన్న కొట్టాక మోకాళ్ల మీద పడి ఏడ్చారు. పాస్టరు అయ్యగారికి చెప్పుకుంటే ‘లోబడి ఉండమ్మా, ప్రార్థన చెయ్యి’ అన్నారు. పదిహేనేళ్ల మా అబ్బాయి మందిరానికి రావడం మానేశాడు. ఆయన మారారని నమ్మాలా? నలుగురిలో చెబితే భర్తను దూషించినట్టా? ఆయన వాక్యం చెబుతుంటే ముందు వరుసలో కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

జవాబు: అమ్మా, ముందు కన్నీళ్ల సంగతి. కొట్టాక ఏడుపు, తర్వాత కొన్ని వారాల మంచితనం, మళ్లీ చిర్రుబుర్రులు, మళ్లీ చెయ్యి లేవడం. కొట్టే భర్తల ఇళ్లలో ఈ చక్రం తరచుగా కనిపిస్తుంది. కాబట్టి ఏడుపును బట్టి మారారనీ చెప్పలేం, నటిస్తున్నారనీ చెప్పలేం. ఒక్కటి గమనించండి. ఆఫీసులో పై అధికారి చివాట్లు పెడితే ఆయన ఫైలు విసిరారా? కమిటీలో మాట తేడా వస్తే ఎవరినైనా కొట్టారా? లేదంటే కోపాన్ని అదుపు చేసుకోవడం ఆయనకు వచ్చు. మీ దగ్గర ఆ అవసరం లేదనుకుంటున్నారు, అంతే. మన బైబిల్లో ‘వేషధారి’ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి రంగస్థల నటుడని అర్థం. తెలుగు అనువాదకులు ఎంత చక్కని మాట పట్టుకున్నారో! చూసేవాళ్లు లేనిచోట వేషంతో పనిలేదు.

అలాగని విసుక్కున్న ప్రతి విశ్వాసినీ వేషధారి అనకూడదు. నిజమైన భక్తిపరుడికీ నోరు జారుతుంది. తప్పు బయటపడ్డాక ఏం చేస్తాడన్నదే తేడా. యేసును కలిసి మారిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య ఏడ్చాడని లూకా రాయలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అని లెక్క చెప్పాడని రాశాడు (19:8). మీరూ లెక్కకు అందేవే చూడండి. ‘నువ్వు రెచ్చగొట్టావు కాబట్టి’ అన్న తోక లేకుండా ‘నేను కొట్టాను, తప్పు’ అన్నారా? కార్డు మీ చేతికి తిరిగొచ్చిందా? చూసిన కొడుకు ముందు ఒప్పుకున్నారా? పెద్దరికం కొన్నాళ్లు వదలమంటే గొణగకుండా వదిలారా? ‘క్షమించానని ఇవాళే చెప్పు’ అని మెడ మీద కూర్చున్నారంటే ఇంకా మారలేదనే లెక్క. ఇవన్నీ జరిగినా ఆరు నెలలైనా ఆగి చూడండి. నా మట్టుకు నేను ఏడాది అంటాను.

అయ్యగారు చెప్పింది ఎఫెసీ 5:22, భార్యలు భర్తలకు లోబడాలన్న వచనం. దానికి ముందు వచనం ఒకరికొకరు లోబడమంటుంది. 25వ వచనం, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని భర్తకు చెబుతుంది. భార్యను సన్మానించకపోతే భర్త ప్రార్థనలకే అభ్యంతరమని 1 పేతురు 3:7లో ఉంది. శుక్రవారం ప్రార్థన నడిపించేవారు చదవాల్సిన వచనం అది! మీ అమ్మగారి మందుల విషయానికి మార్కు 7:11 అచ్చంగా సరిపోతుంది. తల్లిదండ్రులకు ఇవ్వాల్సినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవార్పితం, అని ఎగ్గొట్టేవాళ్లను యేసు గట్టిగా మందలించిన చోటది. అందుకని మందులు కొంటే దేవుడి సొమ్ము ముట్టినట్టు కాదు.

జీతం సంగతి వెంటనే చూసుకోండి. కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకుంటే చాలనుకుంటారు చాలామంది. ఖాతాకు ఆయన నంబరు ఉంటే ప్రతి మెసేజూ ఆయనకే పోతుంది, ఆ రాత్రే గొడవ. అందుకే ముందు వేరే బ్యాంకులో, మీ ఒక్కరి పేరున, మీ దగ్గరే ఉండే నంబరుతో ఖాతా తెరవండి. పాస్‌బుక్కు బడిలోనో అక్క ఇంట్లోనో ఉంచండి. తర్వాత డీడీఓకి (మీ జీతం బిల్లు పెట్టే అధికారికి) ఖాతా మార్పు దరఖాస్తు ఇవ్వండి, ఆ నెల బిల్లు పెట్టకముందే. పాత ఖాతాలో జీతం పడని రోజు ఇంట్లో ఒంటరిగా ఉండొద్దు. పట్టు సడలుతోందని తెలిసినప్పుడే దెబ్బలు పెరిగే ప్రమాదం ఎక్కువ.

సంఘంలో చెప్పడం దూషణ కాదు, చెప్పే పద్ధతి మాత్రం ముఖ్యం. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా, వినకపోతే సాక్షులతో మాట్లాడమనే మత్తయి 18 చూపించి ‘ముందు మీరిద్దరే మాట్లాడుకోండి’ అంటారు. కొట్టేవాడి ముందు ఒంటరిగా కూర్చోమనడం ఆ వచనం ఉద్దేశం కాదు. మీరు సాక్షుల మెట్టు నుంచే మొదలుపెట్టండి. ఇద్దరు పెద్దలు, వారిలో ఒకరు స్త్రీల సమాజం నుంచి, మీ తరఫున అక్కో అన్నో. సమావేశం పగలు, మీ ఇంట్లో కాకుండా, ఆ రాత్రి మీరు పుట్టింట్లో పడుకునేలా. తేదీలు రాసుకుని వెళ్లండి: ఏ రోజు, ఏం జరిగింది, ఎవరు చూశారు. దెబ్బ తగిలితే డాక్టరుతో ‘జారిపడ్డాను’ అనకండి. ఎలా తగిలిందో ఓపీ చీటీలో రాయించండి. పెద్దలను ఒక్కటే అడగండి: 1 తిమోతి 3లో సంఘానికి అధ్యక్షుడు ‘కొట్టువాడు’ కాకూడదని ఉంది కదా, ఈయన వేదికెక్కడం ఎప్పుడు ఆపుతారు? దాటవేస్తే ఆ సంఘం సంగతి మీకు తెలిసినట్టే.

సంఘం ఏం తేల్చినా చట్టం దారి వేరే ఉంది. 2005 గృహహింస చట్టం కింద జీతం లాక్కోవడం కూడా హింసే. జిల్లా రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా మేజిస్ట్రేటుకు గానీ దరఖాస్తు చేసి, కొట్టకుండా, ఇంట్లోంచి గెంటేయకుండా ఉత్తర్వులు కోరవచ్చు. దానికి విడాకులు అడగనక్కర్లేదు. లాయరు ఖర్చుకు భయపడొద్దు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తుంది. ఆ నంబరు 15100. మహిళల హెల్ప్‌లైను 181, ప్రాణభయమైతే 112.

అబ్బాయిని మందిరానికి లాక్కెళ్లకండి. వాడు వదిలేసింది దేవుణ్ణో నాన్న నటననో వాడికే ఇంకా తేలలేదు. ‘పెద్దాయన, అలాగే ఉంటారు’ అని మీరు సర్దిచెబితే రెండూ ఒకటేనని వాడికి మీరే నేర్పినట్టవుతుంది. ‘నాన్న చేసింది తప్పు, ప్రార్థన చేసే మనిషి చేసినా తప్పే’ అనండి. ఈ వయసు పిల్లలు అమ్మకు అడ్డుపడి దెబ్బలు తింటారు, లేదా తిరగబడతారు. అడ్డురావద్దని, పక్కింటికి పరుగెత్తి 112కి ఫోన్ చేయమని ముందే చెప్పి ఉంచండి.

ముందు వరుస సంగతి. అక్కడ కూర్చోవాలని ఎక్కడా రాసిలేదు. వెనక బల్ల మీద కూర్చోండి, లేదా కొన్నాళ్లు వేరే సంఘానికి వెళ్లండి. ఎవరైనా అడిగితే ‘ఇంట్లో సంగతి పెద్దలకు చెప్పాను, వారినడగండి’ అనండి.