వాయించేవోళ్లు యాడమ్మా?

ఆడపిల్లలే గిటార్, డ్రమ్స్ అన్నీ వాయించే రాక్ బ్యాండ్‌లు బయటి దేశాల్లో అంత పెద్దవి ఎలా అయ్యాయి, మన వైపు ఒక్కటీ ఎందుకు కనిపించదు అని అడిగారు. నెల్లూరులో ఆరేళ్లు ఆర్కెస్ట్రాలో ఉన్నాను. మొదట సింగర్‌ని, తర్వాత రిథమ్ ప్యాడ్స్, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్. నాకు అర్థమైనంత చెప్తాను.

మన ఆర్కెస్ట్రాల్లో ఆడమనిషి అంటే ఫీమేల్ సింగరే. ఒక వినాయక చవితికి బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఊళ్లో ప్రోగ్రాంకి నలుగురం ఆడపిల్లలమే వెళ్లాం. కమిటీ పెద్దాయన బండిలోకి తొంగి చూసి, "పాడేవోళ్లు వచ్చారు సరే, వాయించేవోళ్లు యాడమ్మా?" అన్నాడు. పాపం మంచాయనే. నేను ప్యాడ్స్ బిగిస్తున్నా, వెనకాల ఇంకో బండి వస్తుందేమోనని రోడ్డు వైపే చూస్తున్నాడు.

అమెరికాలోనూ చాలాకాలం ఇదే తంతు. 1960ల్లో సుప్రీమ్స్ లాంటి ఆడవాళ్ల గ్రూపులకి హిట్లు బోలెడు, కానీ వెనక వాయించింది మగవాళ్లు. 1970లో ఫ్యానీ అనే ఆడవాళ్ల బ్యాండ్ పెద్ద కంపెనీ నుంచి ఆల్బమ్ తెచ్చినా పెద్దగా ఆడలేదు. 1975లో మొదలైన రనవేస్ అనే ఆడపిల్లల బ్యాండ్‌కి సొంత దేశం కన్నా జపాన్‌లోనే జనం విరగబడ్డారు. అసలు మలుపు గో-గోస్ అనే బ్యాండ్. వాళ్ల మొదటి ఆల్బమ్ 1982లో అమెరికాలో ఏ ఆల్బమ్ ఎంత ఆడుతోందో చెప్పే బిల్‌బోర్డ్ చార్టులో ఆరు వారాలు నంబర్ వన్. పాటలు తామే రాసుకుని, తామే వాయించుకుని అక్కడికి చేరిన మొదటి ఆడవాళ్ల బ్యాండ్ అదే. తర్వాత 1986లో బ్యాంగిల్స్ అనే ఇంకో ఆడవాళ్ల బ్యాండ్ పాట కూడా నంబర్ వన్ అయింది.

ఇదంతా పాటల వీడియోలు వేసే టీవీ ఛానెల్ ఎంటీవీ వల్ల అంటారు, కొంత నిజమే. నా లెక్కలో మాత్రం పంక్ వల్ల, అంటే నేర్పు కన్నా ఊపు ముఖ్యమనుకునే మొరటు రాక్ వల్ల. 1978 నాటికి లాస్ ఏంజిల్స్ పంక్ క్లబ్బుల్లో వాయించడం సరిగ్గా రాకపోయినా స్టేజి ఎక్కొచ్చు. గో-గోస్ పిల్లలు అలా జనం ముందే తప్పులు వాయిస్తూ నేర్చుకున్నారు.

మన దగ్గర ఆ చోటు మగపిల్లలకి ఉంది. బాక్సులు మోసే పనికి చేరతారు, సౌండ్ చెక్‌లో నాలుగు దెబ్బలు కొడతారు, రెండేళ్లకి ప్యాడ్స్ ముందు కూర్చుంటారు. ఆడపిల్లని బాక్సులు మోయడానికి ఎవరు పిలుస్తారు? నేను సింగర్‌గా ఉన్నప్పుడు మా టీంలో ప్యాడ్స్ వాయించేది మా పెదనాన్న కొడుకు కాబట్టి నాకు చేయి పెట్టే వీలు దొరికింది, అంతే.

కాశ్మీర్‌లో ప్రగాష్ అనే ముగ్గురు స్కూలు ఆడపిల్లల బ్యాండ్ 2013లో ఫత్వా వల్ల ఆగిపోయింది. మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. చప్పట్లే కొట్టారు. కానీ ప్రోగ్రాం ముగిసి సామాను ఎక్కించేసరికి రాత్రి ఒంటిగంట దాటేది. టాటా ఏస్‌లో డ్రైవర్ పక్కన మా నాన్న కూర్చుని, నలుగురినీ ఇళ్ల దగ్గర దించేదాకా ఉండేవాడు. ఆయనకి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మేము ఒప్పుకున్న ప్రోగ్రాం ఒక్కటీ లేదు.