రైలును ఒకే స్టేషన్‌లో ఆపు

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన యానిమేషన్ సిరీస్ కథ రెండుసార్లు చదివాను. రైల్లో మరిచిపోయిన అమ్మమ్మ గొడుగును వెతుక్కుంటూ పదేళ్ల పిల్ల బయల్దేరడం, 13 ఎపిసోడ్లలో 13 ఊళ్లు తిరగడం. పిల్ల బాగుంది, గొడుగు ఇంకా బాగుంది. కానీ ఫోన్లో నువ్వన్న మాట ఒకటి రాత్రంతా నన్ను వదల్లేదు: "సినిమాగా రాసుకున్న కథే కదా మావయ్యా, ముక్కలు చేస్తే సరిపోతుంది."

సరిపోదు తల్లీ. ఆరేళ్లు సినిమాలకు లేఅవుట్, అంటే కెమెరా ఎక్కడుండాలో తేల్చే పని, చేశావు. షాట్ ఎక్కడ పెట్టాలో నాకంటే నీకే బాగా తెలుసు. సిరీస్ లెక్క వేరు. ముందు కాగితం తీసుకుని లెక్క కట్టు. 11 నిమిషాల ఎపిసోడ్ అంటే సెకనుకు 24 చొప్పున 15,840 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమ్ రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ ఆ బొమ్మను పూర్తిగా తయారు చేయడానికి, 10 నిమిషాలు పడుతుందనుకుంటే ఒక మెషీన్ మీద 2,640 గంటలు, అంటే 110 రోజులు. పది మెషీన్లు పెడితే 11 రోజులు, అదీ ఒక్క షాటు కూడా వెనక్కి రాకపోతే. ఇలాంటివి పదమూడు. మొత్తం 143 నిమిషాలు. నువ్వు పనిచేసిన సినిమాల్లో ఏదీ అంత పొడుగు లేదు, ఏదీ ఇంత తక్కువ డబ్బుతో తీయలేదు.

ఇప్పుడు ఆ పదమూడు ఊళ్ల సంగతి. ప్రతి ఊరికీ వీధులు, ఇళ్లు, చెట్లు, మనుషులు, వాళ్ల బట్టలు. అన్నీ మోడల్ చేయాలి, రంగులు వేయాలి, మనుషులు కదలడానికి లోపల ఎముకల గూడులా రిగ్ కట్టాలి, లైటింగ్ చేయాలి. పదకొండు నిమిషాలు చూపించాక ఆ ఊరిని వదిలేసి రైలెక్కాలి. మూడో ఊరు దాటేసరికి డబ్బు అయిపోతుంది, నాలుగో ఊరి నుంచి వీధుల్లో జనం ఉండరు. ఇది నేను పడ్డ బాధే. మేం తీసిన ఒక సిరీస్‌లో రాకుమారుడు ఎపిసోడ్‌కో రాజ్యం తిరిగేవాడు. తొమ్మిదో రాజ్యం వచ్చేసరికి పాత కోటకే నీలం రంగు వేశాం, పదో దానికి ఎరుపు. అప్పుడు నీకు ఏడేళ్లు. టీవీ ముందు కూర్చుని "మావయ్యా, ఇది మొన్నటి కోటే కదా" అన్నావు. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరిచిపోలేదు. పిల్లలకు అన్నీ తెలుస్తాయి.

అందుకే నీకో పని చెబుతున్నాను. సినిమాలు తీసే స్టూడియో సిరీస్‌కు దిగినప్పుడు ఏం చేసిందో చూడు. అమెరికా యానిమేషన్ స్టూడియో పిక్సార్‌నే తీసుకో. 1995లో 'టాయ్ స్టోరీ'తో మొత్తం కంప్యూటర్ మీదే సినిమా తీసి చూపించినవాళ్లు. చాలా ఏళ్లు సినిమాలే వాళ్ల లోకం, మధ్యలో పొట్టి చిత్రాలు, ఒకటి రెండు టీవీ స్పెషల్స్ చేశారు. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ అనే స్ట్రీమింగ్ సర్వీసు మొదలైనప్పటి నుంచి వరసగా సిరీస్‌ల మీద చెయ్యి వేశారు. మొదట 'ఫోర్కీ ఆస్క్స్ ఎ క్వశ్చన్', పది చిన్న ఎపిసోడ్లు. ఫోర్కీ అనే ప్లాస్టిక్ చెంచా డబ్బంటే ఏమిటి, కాలమంటే ఏమిటి అని ఒక్కోసారి ఒక్కో ప్రశ్న అడుగుతాడు, ఎక్కువసార్లు పాత సినిమాల్లోని బొమ్మే జవాబు చెబుతుంది. డబ్బు గురించి చెప్పేది పిగ్గీబ్యాంకు. ఒక గది, రెండు బొమ్మలు, ఒక ప్రశ్న. తక్కువలో చేసినట్టు ఎక్కడా అనిపించదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

తర్వాత 'కార్స్ ఆన్ ది రోడ్' చూడు, 2022 నాటిది. మేటర్ అనే కారు, దాని స్నేహితుడైన ఇంకో కారు, మేటర్ తోబుట్టువు పెళ్లికి బయల్దేరతాయి. తొమ్మిది ఎపిసోడ్లు, దారిలో ఒకచోట దయ్యాల హోటల్, ఒకచోట డైనోసార్ల పార్కు, ఇంకోచోట సర్కస్. అంటే నీ కథకు అన్నగారే. అది చూసి నీకు ధైర్యం వస్తుందని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. ఆ రెండు కార్లు 2006 నాటి 'కార్స్' సినిమా నుంచి వాళ్ల దగ్గర తయారుగా ఉన్నాయి. ఒక్కో ఎపిసోడ్ పది నిమిషాల లోపే. నీ దగ్గర ఈ రోజుకు పిల్ల కూడా లేదు, గొడుగు బొమ్మ ఒకటే ఉంది.

నీకు పనికొచ్చేది 'డగ్ డేస్'. 2021లో వచ్చిన ఐదు ఎపిసోడ్లు. 'అప్' సినిమాలో దక్షిణ అమెరికా దాకా ఎగిరి వెళ్లిన ముసలాయన, అక్కడ ఆయనకు దొరికిన కుక్క ఇక్కడ ఒక ఇల్లు, ఒక పెరడు దాటి పెద్దగా కదలరు. ఉడుత వస్తుంది, కుక్కపిల్లలు వస్తాయి, పూలు పూస్తాయి. కుక్క ముక్కుకు ఆ పెరడే లోకం.

అసలు చూడాల్సింది 'విన్ ఆర్ లూజ్'. 2025 ఫిబ్రవరిలో మొదలైంది. అంతకు ముందున్న ఏ సినిమా మీదా ఆధారపడకుండా పిక్సార్ తీసిన మొదటి పెద్ద సిరీస్, ఎనిమిది ఎపిసోడ్లు. క్యారీ హాబ్సన్, మైఖేల్ యేట్స్ కలిసి చేశారు. కథంతా ఒక బడి సాఫ్ట్‌బాల్ జట్టుకు ఫైనల్ ముందు వారం రోజులు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కొక్కరి కళ్లతో నడుస్తుంది. మొదటిది కోచ్ కూతురిది. ఆట రాదన్న బెంగ ఆ పిల్ల భుజం మీద చెమటముద్దగా ఎక్కి కూర్చుంటుంది. ఆ ఎపిసోడ్‌లో అంపైర్ వట్టి అంపైరే. రెండో ఎపిసోడ్‌లో ఆయనే కథ. మనసు నొచ్చుకున్నప్పుడల్లా ఆయన అంపైర్ సరంజామా యుద్ధకవచమైపోతుంది.

అదే మైదానం, అదే బడి, అవే మొహాలు. మళ్లీ మళ్లీ వాడుకున్నారు, అయినా ఎవరూ "ఇది మొన్నటి కోటే కదా" అనరు. మళ్లీ అక్కడికే రావడం ఆ కథలో లోటు కాదు, కథే అది. మొన్న చూసిన చోటును ఈసారి ఇంకొకరి మనసుతో చూస్తున్నాం. మిగిల్చిన డబ్బంతా ఆ చెమటముద్ద మీద, ఆ కవచం మీద పెట్టినట్టు నాకు అనిపిస్తుంది. ఎవరికి ఏ ఊహ రావాలో అక్కడ చెయ్యి బిగపట్టలేదు.

కాబట్టి నీ రైలును ఒకే స్టేషన్‌లో ఆపు. పిల్ల దిగింది, తర్వాతి రైలు మర్నాటి పొద్దున గానీ లేదు. గొడుగు అక్కడే చేతులు మారుతోంది. టీ అమ్మేవాడు దాన్ని పొయ్యికి అడ్డం పెట్టుకున్నాడు, కూలీ ఎండకు వేసుకున్నాడు, ఊడ్చే ఆమె దాన్ని భద్రంగా దాచింది, స్టేషన్ మాస్టారు పోయిన సామాన్ల పుస్తకంలో రాసుకున్నాడు. ఎవరి ఎపిసోడ్‌లో వాళ్లకు గొడుగు వేరేగా కనిపించాలి. ఊడ్చే ఆమెకు అది ఇల్లు కావచ్చు. ప్లాట్‌ఫారం ఒకటే అయినా తెల్లవారుజామున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు, వాన పడితే ఇంకో రంగు. కొత్త ఊరు కట్టడం కంటే వెలుగు మార్చడం చవక, అందం కూడా. ఇలా చేస్తే కథ నీది కాకుండా పోతుందని భయపడకు. ఒక రోజును పలువురి కళ్లతో చెప్పడం ఒకరి సొత్తు కాదు, గొడుగు మాత్రం నీదే.

నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లను చూడటానికి నిన్ను తీసుకెళ్లాను, గుర్తుందా? ఆ ఆటలో ఏ కథ ఆడినా బంగారక్క, జుట్టుపోలిగాడు మధ్యలో వస్తారు. ఆ బొమ్మలు వచ్చాయంటేనే జనం సర్దుకుని కూర్చుంటారు. అలాంటి మనుషులు నీ స్టేషన్‌లో ఇద్దరుండాలి.

గోడ మీద ఒక పట్టిక పెట్టుకో. అడ్డంగా ఆ రోజు గంటలు, నిలువుగా మనుషులు. ఏ గంటకు గొడుగు ఎవరి దగ్గర ఉంది, ఎవరికి ఏం తెలుసు అన్నది గడిలో రాయి. నాలుగో ఎపిసోడ్‌లో కూలీ ఎడమ చేత్తో పట్టుకుంటే పదో ఎపిసోడ్‌లోనూ ఎడమ చెయ్యే. ఇది షాట్లను బొమ్మలుగా గీసే స్టోరీబోర్డ్‌కు ముందు చేయాలి, తర్వాత చేస్తే సగం షాట్లు పారేయాలి.

పిల్ల గొంతు పదమూడు ఎపిసోడ్లకూ ఒకేసారి, మొదట్లోనే రికార్డ్ చేయి. ఏడాది గడిస్తే పిల్లల గొంతు మారిపోతుంది. పెద్దల విషయంలోనూ వాయిదా వద్దు. 'డగ్ డేస్'లో ముసలాయనకు గొంతిచ్చిన ఎడ్ ఆస్నర్ ఆ సిరీస్ విడుదలకు మూడు రోజుల ముందు, 2021 ఆగస్టు 29న కన్నుమూశారు. ఆయన పని అప్పటికే పూర్తయి ఉండబట్టి ఆ గొంతు మనకు మిగిలింది.

ఇక నీకు నచ్చని మాట. 2024 మేలో పిక్సార్ తన ఉద్యోగుల్లో దాదాపు 14 శాతం మందిని, అంటే 175 మంది వరకు, తీసేసింది. సిరీస్‌లు తగ్గించి మళ్లీ సినిమాల మీదే దృష్టి పెడతామంది. అంత పెద్ద స్టూడియోకే సిరీస్ మోయలేని బరువైంది. నా జీవితంలో ఒక సిరీస్ సగంలో ఆగిపోయింది, సంక్రాంతికి వారం ముందు మా దగ్గర పనిచేసే నలభై మంది పిల్లలను నేనే కూర్చోబెట్టి ఆ మాట చెప్పాను. ఆ మొహాలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. అందుకని పదమూడూ ఒకేసారి మొదలుపెట్టకు. మూడు ఎపిసోడ్లకు ఎంతమంది కావాలో అంతమందినే తీసుకో, వాళ్ల జీతం డబ్బు చేతిలో ఉన్నాకే తీసుకో. రెండో సీజన్ ఉందని ఎవరికీ మాటివ్వకు.

కొత్త కథ రాశాక, ఆ స్టోరీబోర్డ్ బొమ్మలను వరసగా నడిపించిన యానిమాటిక్ పంపు, సంగీతం వేయకుండా పంపు. మొదటి ఎపిసోడ్‌ది వద్దు, దాన్ని నువ్వు ఎలాగూ చెక్కి చెక్కి పెడతావు. ఐదోది పంపు. ప్లాట్‌ఫారం అప్పటికి నాలుగుసార్లు చూసేసి ఉంటాం. ఐదోసారి కూడా అక్కడ నిలబడాలనిపిస్తుందో లేదో చూసి చెబుతాను.

అత్తయ్య అడిగినట్టు చెప్పమంది. రాత్రిళ్లు మరీ మేలుకోకు.

ఆశీస్సులతో,
మావయ్య