మగత తెచ్చే మాత్ర: డ్యూటీలో చెప్పాలా?

ప్రశ్న: గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ (సరుకులెత్తే బండి) నడుపుతాను. నరాల నొప్పికి రాత్రిపూట ప్రెగాబాలిన్ 75 మి.గ్రా. వేసుకోమని డాక్టరు రాశారు. మగత తెచ్చే మందులు వాడితే ముందే చెప్పాలని మా సంస్థలో నిబంధన ఉంది. చెబితే నా జబ్బు పదిమందికీ తెలిసిపోతుందేమోనని బెంగ. ఏం చేయాలి?

జవాబు: చెప్పండి. కాకపోతే పై అధికారికి తెలియాల్సింది జబ్బు పేరు కాదు, ఏ పని చేయకూడదన్నది. సంస్థకు వైద్యాధికారి ఉంటే మందు వివరాలు ఆయనకే చెప్పండి. సూపర్‌వైజరుకు ‘ఫలానా తేదీ దాకా బండి నడపకూడదు’ అన్న ముక్క చేరితే చాలు. వైద్యాధికారి లేకపోతే మీ డాక్టరు చేతే చీటీ రాయించుకోండి. ఊరికే ‘విశ్రాంతి అవసరం’ అని రాయిస్తే సెలవు పెట్టమంటారు. ఏ పనులు వద్దు (బండి, ఎత్తు మీద పని, తిరిగే యంత్రాలు), ఏవి చేయొచ్చు, ఎప్పటిదాకా, మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. చీటీ అందినట్టు సంతకం చేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. నోటిమాటగా చెప్పి వదిలేస్తే, రేపేదైనా జరిగాక ‘మాకు చెప్పలేదు’ అనడానికి ఎంతసేపు!

ప్రెగాబాలిన్‌తో మగత, తల తిరగడం, చూపు మసకబారడం మొదటి రోజుల్లోనూ, మోతాదు పెంచినప్పుడూ ఎక్కువ. ఒంట్లో మందు సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలు పడుతుంది. రాత్రి 11కి వేసుకుంటే తెల్లవారుజామున 5కి ఇంకా సగం ఉన్నట్టే. కిడ్నీలు సరిగా లేకపోతే ఇంకా ఆలస్యం. అందుకే మీ షిఫ్టు ఎన్నింటికో డాక్టరుకు తప్పక చెప్పాలి. చాలామంది మరిచేది ఇదే. డ్యూటీ కోసం మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా మానితే నిద్రలేమి, వికారం, ఆందోళన పట్టుకోవచ్చు.

ప్రశ్న: ప్రిస్క్రిప్షన్ లేకుండా కొన్న జలుబు మాత్రకూ ఇదే వర్తిస్తుందా?

జవాబు: మగత తెస్తే వర్తిస్తుందనే అనుకోండి. అట్ట వెనక క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ పేర్లుంటే బండి ఎక్కొద్దు. క్లోర్‌ఫెనిరమైన్ మత్తు మర్నాటికీ మిగలొచ్చు. సెట్రిజిన్ కూడా కొందరిని తూగేలా చేస్తుంది. తుమ్ములకే అయితే ఫెక్సోఫెనడిన్ సరిపోతుందేమో డాక్టరును అడగండి, దాంతో ఈ బెడద బాగా తక్కువ. కొడీన్ (నల్లమందు జాతి మందు) ఉన్న దగ్గు మందైతే మగతతో పాటు, మత్తుమందుల కోసం చేసే మూత్రపరీక్షలోనూ పట్టుబడుతుంది. నమూనా ఇచ్చే ముందే చెప్పి, ప్రిస్క్రిప్షన్ చూపించండి.